ఓటీజీలో చీజ్ కారం బిస్కెట్లు: 58 వాయిల తర్వాత నా మాట

నేను పాలకొల్లులో ఇంటి దగ్గరే పిండివంటలు చేసి ఆర్డర్ల మీద ఇస్తాను. చెక్కలు, జంతికలు, చేగోడీలు, సున్నుండలు, సంక్రాంతికి అరిసెలు. పదకొండేళ్లుగా ఇదే పని. నిరుడు ఆగస్టులో లంకలకోడేరు నుంచి ఒక పెద్దావిడ ఫోన్ చేశారు. ఏటా నా దగ్గర చెక్కలు తీసుకునే ఆవిడే. "అమ్మాయ్, మా మనవడు హైదరాబాదులో చీజ్ బిస్కెట్లని ఏవో కారం కారంగా తింటున్నాడు. ప్యాకెట్‌లో ఇన్నుంటే సగం గాలే. అలాంటివి నువ్వు ఇంట్లో చెయ్యగలవా?" అన్నారు. చేస్తానండీ అనేశాను. అప్పటికి మా ఇంట్లో ఓవెన్ లేదు.

ముందు నాకు తెలిసిన దారిలోనే వెళ్ళాను. డైమండ్ ముక్కలుగా కోసి నూనెలో వేయించే మైదా కారం బిస్కెట్లు మన ఇళ్లలో చేసేవే కదా, ఆ పిండిలోనే చీజ్ తురిమి కలిపాను. మూకుట్లో వేసిన రెండు నిమిషాలకి చీజ్ బయటికి వచ్చి నూనెలో నల్లటి నలకలుగా తేలింది, నూనె నురగ కట్టింది. బిస్కెట్టు చేదు. లీటరు నూనె పారబోశాను. ఇసుక పోసిన కుక్కర్‌లో కాల్చి చూస్తే అడుగు మాడింది, పైన తెల్లగానే ఉండిపోయింది. చీజ్ బిస్కెట్టుకి నాలుగు వైపుల నుంచీ ఒకేలా తగిలే పొడి వేడి కావాలని అప్పుడు అర్థమైంది. భీమవరం వెళ్లి 25 లీటర్ల ఓటీజీ, అంటే లోపల కరెంటు రాడ్లు వేడెక్కి కాల్చే చిన్న ఓవెన్ పెట్టె, కొన్నాను. ఏడు వేల పైచిల్లర అయింది. బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకున్నాను.

కంపెనీ పేరు రాయడం లేదు. నా దగ్గరున్న ఒక్క పెట్టెని చూసి కంపెనీ మొత్తాన్ని తప్పుపట్టడం నాకు ఇష్టం లేదు. పైగా నేను చెప్పబోయే సంగతులు మీ ఇంట్లో ఏ ఓటీజీ ఉన్నా పనికొస్తాయి. ఈ ఎనిమిది నెలల్లో చేసిన ప్రతి వాయి గురించీ నోట్‌బుక్కులో రాసుకున్నాను. మొత్తం 58 వాయిలు. వాటిలో మొదటి 14 ఎవరికీ అమ్మలేదు.

మొదటి రోజు ఓటీజీతో వచ్చిన పుస్తకంలో ఉన్నట్టే డయల్ 180 మీద పెట్టి, పది నిమిషాలు వేడెక్కనిచ్చి, పదిహేను నిమిషాలు కాల్చాను. బిస్కెట్లు అప్పడాల్లా పరుచుకుపోయి ఒకదానికొకటి అతుక్కున్నాయి. నడుమ పచ్చి. రెండో వాయికి కోపంతో 220 పెట్టాను. అడుగు నల్లబడింది, నడుమ మళ్లీ పచ్చే. మూడో వాయిలో పిండి గట్టిగా కలిపాను. పళ్లు కదిలేంత గట్టి బిస్కెట్లు వచ్చాయి. మావయ్య గారు ఒకటి కాఫీలో ముంచుకుని, "చెక్కలే బాగుంటాయమ్మా" అన్నారు. ఆయన ఏ వంటకీ వంక పెట్టే మనిషి కాదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తప్పు నా పిండిలో ఉందా పెట్టెలో ఉందా అన్నది ముందు తేల్చుకోవాలనుకున్నాను. ఓవెన్ లోపల తగిలించే చిన్న థర్మామీటర్ 350 రూపాయలకి తెప్పించాను. ఈ మొత్తం వ్యవహారంలో పెట్టిన ప్రతి పైసా వసూలైన కొనుగోలు అదొక్కటే. డయల్ 180 చూపిస్తుంటే లోపల ఉన్నది 155. డయల్ 200కి తిప్పితే 176, 178 మధ్య ఆడుతోంది. అంటే నేను మొదటి రోజు బిస్కెట్లని కాల్చలేదు, గోరువెచ్చగా కరిగించాను. ఓటీజీ కొనే ప్రతి ఒక్కరికీ నా మొదటి మాట ఇదే: పెట్టెతో పాటే ఆ థర్మామీటర్ కూడా కొనండి. డయల్ మీద అంకెలని నమ్మకండి.

రెండో పరీక్ష బ్రెడ్డుతో. ఆరు బ్రెడ్డు ముక్కలు జల్లెడ కమ్మీల మీద పక్కపక్కనే పరిచి పది నిమిషాలు కాలిస్తే పెట్టెలో ఎక్కడ ఎంత వేడి ఉందో కళ్ళకి కట్టినట్టు కనిపిస్తుంది. నా పెట్టెలో వెనక ఎడమ మూల ముక్క ముదురు గోధుమరంగులోకి వెళ్లింది, తలుపు పక్కది తెల్లగానే ఉంది. అప్పటి నుంచి ప్రతి వాయికీ సగం సమయం అవగానే ట్రేని ముందువైపు వెనక్కి తిప్పుతున్నాను. తొమ్మిదో నిమిషంలో. ఇది మానేస్తే ఇరవై బిస్కెట్లలో నాలుగైదు చేదెక్కుతాయి. చీజ్‌లో పాల ప్రోటీనూ చక్కెరా ఉంటాయి కాబట్టి మామూలు బిస్కెట్టు కంటే త్వరగా ఎర్రబడుతుంది. ఎరుపు నుంచి చేదుకి రెండు నిమిషాలే దూరం.

ఓటీజీతో పాటు వచ్చిన నల్ల ట్రే కూడా నాకు నచ్చలేదు. నలుపు వేడిని ఎక్కువ లాగుతుంది, బిస్కెట్టు అడుగు ముందే కాలిపోతుంది. బజార్లో సామాన్ల కొట్టులో అల్యూమినియం పళ్లెం ఒకటి లోపల పట్టే కొలతకి వెతుక్కుని తెచ్చుకున్నాను. దాని మీద బటర్ పేపర్ వేసి కాలుస్తుంటే అడుగూ పైనా ఒకే రంగు వస్తున్నాయి.

ఇక వోల్టేజ్ సంగతి. మన వైపు ఇది రాయకుండా ఓటీజీ గురించి రాస్తే అది సగం రివ్యూనే. పొద్దున బాగా వచ్చిన బిస్కెట్టు సాయంత్రం అదే పిండితో, అదే డయల్‌తో పరుచుకుపోయేది. ఎందుకో తెలియక చాలా టెన్షన్ పడ్డాను. మా అక్క కొడుకు ఐటీఐ ఎలక్ట్రికల్ చదివాడు. వాడొచ్చి మా ఫ్రిజ్ స్టెబిలైజర్ మీద అంకె చూపించి, "పిన్నీ, ఇప్పుడు నీకొస్తున్నది 190. పొద్దున 228 ఉంటుంది చూడు" అన్నాడు. 230 నుంచి 190కి పడితే వోల్టేజ్ తగ్గేది 17 శాతమే. కానీ రాడ్ ఇచ్చే వేడి వోల్టేజ్ వర్గాన్ని బట్టి, అంటే వోల్టేజ్‌ని దానితోనే గుణిస్తే వచ్చేదాన్ని బట్టి ఉంటుందట. అంటే వేడి 30 శాతం పైనే పడిపోతుంది. నా 1500 వాట్ల పెట్టె ఆ వేళకి వెయ్యి వాట్ల పెట్టె అయిపోతోంది. పొద్దున 12 నిమిషాల్లో వేడెక్కేది సాయంత్రం 22 నిమిషాలు తీసుకుంటోంది. తలుపు తీసి ట్రే పెట్టగానే పోయిన వేడి తిరిగి రావడం ఆలస్యమవుతుంది. ఆ ఆలస్యంలో పిండి గట్టిపడకముందే వెన్న కరిగి బిస్కెట్టు జారిపోతుంది. అందుకని ఇప్పుడు ఆర్డర్ బిస్కెట్లు తెల్లవారుజామునే కాలుస్తున్నాను. స్టెబిలైజర్ 220 కంటే తక్కువ చూపిస్తే పళ్లెం ఫ్రిజ్‌లోనే ఉంచి ఆగుతాను.

ఇంకో జాగ్రత్త. ఓటీజీని మామూలు చిన్న ప్లగ్‌కి పెట్టకండి, 16 ఆంపియర్ల పవర్ ప్లగ్ ఉండాలి. దీని తీగ చాలా పొట్టిది, మీటరుకి కాస్త ఎక్కువ. ఎక్స్‌టెన్షన్ బాక్సుతో ఒకసారి వాడితే బాక్సు వేడెక్కి వాసన వచ్చింది. చివరికి గట్టు పక్కనే కొత్త పాయింట్ వేయించుకున్నాను.

సర్వీసు గురించి బాధతోనే రాస్తున్నాను. డయల్‌కీ లోపలి వేడికీ 25 డిగ్రీల తేడా ఉందని కంపెనీ నంబరుకి ఫోన్ చేస్తే 19 రోజులకి మనిషి వచ్చాడు. థర్మామీటర్ చూపిస్తే, "ఇవన్నీ ఇలాగే ఉంటాయండీ, మీరే పెంచుకోండి" అని సంతకం పెట్టించుకుని వెళ్లిపోయాడు. కొన్న షాపులో అడిగితే బాక్స్ విప్పాక వెనక్కి తీసుకోం అన్నారు. టైమర్ గంట నాలుగో నెల నుంచి మోగడం లేదు. వారంటీ ఉంది, కానీ మళ్లీ 19 రోజులు పెట్టె పక్కన కూర్చునే ఓపిక లేక ఫోన్లో అలారం పెట్టుకుంటున్నాను. ఏడు వేలు పెట్టి కొన్న మనిషికి ఇంతకంటే మర్యాద దక్కాలి.

అయినా ఈ పెట్టెని నేను వదులుకోను. ఎందుకో చెప్పాలంటే బిస్కెట్టు గురించి చెప్పాలి.

చీజ్‌తో మొదలుపెడతాను. చీజ్‌కి పేరుపడ్డ డచ్చి వాళ్ళు 17వ శతాబ్దంలో మా పాలకొల్లులోనే వర్తక స్థావరం పెట్టుకుని బట్టల వ్యాపారం చేశారు. మన వంటిళ్లలోకి మాత్రం చీజ్ వచ్చింది అమూల్ క్యూబుగానే. ఇంగ్లండులో ఈ బిస్కెట్లని చెడ్డర్‌తో చేస్తారు. చెడ్డర్ అన్నది అక్కడ సోమర్‌సెట్ ప్రాంతంలో ఒక ఊరు, చీజ్‌కి ఆ ఊరి పేరే వచ్చింది. నెలల తరబడి మాగేసిన చీజ్ కాబట్టి నీరు తక్కువ, ఘాటు ఎక్కువ. వాళ్ళ పాత కొలత చాలా తేలిక: మైదా, వెన్న, చీజ్ మూడూ సమానం. నేనూ ఆ కొలతతోనే మొదలుపెట్టి దెబ్బతిన్నాను. మనకి దొరికేది ప్రాసెస్డ్ చీజ్. దాన్లో నీరు ఎక్కువ, రుచి మెత్తన. సమానం వేస్తే పిండి జిగటగా, బిస్కెట్టు మెత్తగా వస్తుంది.

అయితే ప్రాసెస్డ్ చీజ్‌కి ఒక మంచి గుణం ఉంది. సోడియం సిట్రేట్ లాంటి లవణం కలిపి కరిగించి చేస్తారు కాబట్టి వేడి తగిలినప్పుడు నెయ్యి వేరు, పెరుగు వేరు అయినట్టు విరిగిపోదు. పిండిలోనే కలిసి ఉంటుంది. పిజ్జాకి వాడే మొజరెల్లాతో ఒకసారి చేశాను, తీగలు సాగి, చల్లారాక నమిలితే తెగని ముక్కలు తగిలాయి. స్లైసుల చీజ్ తురమడానికే రాలేదు, చేతికి అంటుకుంది. క్యూబులో దిమ్మో తీసుకుని, అరగంట డీప్ ఫ్రీజర్‌లో పెట్టి, గ్రేటర్ సన్న కన్నాల వైపు తురమండి. కొబ్బరి కోరులా పొడిపొడిగా పడుతుంది. పెద్ద కన్నాల వైపు తురిమితే బిస్కెట్టు మీద అక్కడక్కడ మాడిన చుక్కలు వస్తాయి.

మా అత్తయ్య గారు మొదటి నెల వీటిని ముట్టుకోలేదు. చీజ్‌లో దూడ పొట్టలోంచి తీసిన పదార్థం వేస్తారని ఎవరో చెప్పారట. అందులో నిజం లేకపోలేదు. పాలు విరిచే ఆ పదార్థాన్ని రెన్నెట్ అంటారు. ఇటలీ పార్మెజాన్ చీజ్‌ని ఇప్పటికీ దూడ రెన్నెట్‌తోనే చేస్తారు, అందుకే నేను దాని జోలికి పోలేదు. అమూల్ వాళ్ళు వాడేది సూక్ష్మజీవుల నుంచి తీసిన రెన్నెట్. ప్యాకెట్ మీద పచ్చచుక్క ఉంటుంది. అద్దాలు పెట్టించి ఆవిడకి చూపించాను. నా ఖాతాదారుల్లో సగం మంది ఇదే అడుగుతారు కాబట్టి మీకూ చెబుతున్నాను.

ఇప్పుడు అసలు విషయం, గుల్లతనం. చెక్క కరకరలాడితే చాలదు, గుల్లగా ఉండాలి. నోట్లో పెట్టుకుని నాలుకతో నొక్కితే విడిపోవాలి. అది లేని చెక్కని మన ఇళ్లలో చెక్క అనరు. మంచి చీజ్ బిస్కెట్టుకి కూడా కావలసింది అచ్చంగా అదే. నేను పదకొండేళ్లుగా చేస్తున్న పనే కదా అనుకున్నాను. చెక్కలకి గుల్ల ఎలా వస్తుంది? వెన్న కాచి, వేడివేడిగా బియ్యప్పిండిలో పోసి, వేడినీళ్లతో కలుపుతాం. బిస్కెట్లకీ వెన్న కాచి పోశాను. అందుకే అవి రాళ్లయ్యాయి.

తేడా పిండిలో ఉంది. బియ్యప్పిండిలో సాగే జిగురు ఉండదు. మైదాలో గ్లూటెన్ ఉంటుంది. తడి తగిలి, చెయ్యి పడితే అది తీగలు తీగలుగా సాగి బిస్కెట్టుని బిగిస్తుంది. చల్లటి గట్టి వెన్నని మైదాలో వేళ్ల చివర్లతో నలిపితే ఆ కొవ్వు పిండి రేణువులకి పూతలా పట్టి తడిని దగ్గరికి రానివ్వదు. కాల్చినప్పుడు ఆ వెన్న కరిగిన చోట్ల ఖాళీలు మిగులుతాయి. అదే గుల్ల. వెన్న కరిగించి పోస్తే దాన్లో ఉన్న నీళ్లు కూడా పిండికి పడతాయి, ఆ ఖాళీలు మిగలవు. అంటే చెక్కకి వేడి ఇచ్చే గుల్లని బిస్కెట్టుకి చల్లదనం ఇస్తుంది. ఈ ఒక్క మాట తెలుసుకోవడానికి నాకు తొమ్మిది వాయిలు పట్టింది.

ఇంటి వెన్న వాడొచ్చా అని అందరూ అడుగుతున్నారు. వాడొచ్చు, కానీ దాన్లో మజ్జిగ తడి ఉంటుంది. కొన్న వెన్నలో 80 శాతం కొవ్వుంటే, మనం చిలికి తీసిన దాన్లో నీరు ఎంతుందో ఒక రోజుకీ ఒక రోజుకీ పోలిక ఉండదు. ఐసు నీళ్లలో రెండుసార్లు కడిగి, నీళ్లు పిండేసి, గుడ్డలో వేసి నొక్కి, ఒక రాత్రి ఫ్రిజ్‌లో పెట్టాక వాడితే రుచి కొన్నదాని కంటే ఎంతో మేలు. ఇంట్లోకి అలాగే చేస్తాను. ఆర్డర్లకి మాత్రం ఉప్పు లేని వెన్న కొంటాను, ప్రతిసారీ ఒకేలా రావాలి కదా. పసుపు రంగు ఉప్పు వెన్న వేసిన వాయిలో వెన్న ఉప్పూ చీజ్ ఉప్పూ కలిసి సముద్రమైంది. నెయ్యి వేస్తే ఇసుకలా రాలిపోయింది, కోస్తే నిలవలేదు.

నా కొలత ఇప్పుడు ఇలా నిలబడింది. మైదా 150 గ్రాములు, బియ్యప్పిండి 30, చల్లటి వెన్న 90, చీజ్ తురుము 100. బియ్యప్పిండి నేను చేర్చినదే, కాస్త కరకర కోసం. ఉప్పు అసలు వెయ్యను. నీళ్లూ వెయ్యను, చీజ్‌లో ఉన్న తడే ముద్ద కట్టడానికి సరిపోతుంది. మొదట ఈ పిండి ఎప్పటికీ ముద్దవదేమో అనిపిస్తుంది. భయపడి నీళ్లు చిలకరించకండి. గుప్పిట్లో గట్టిగా నొక్కితే అతుక్కుంటుంది. అతుక్కున్న క్షణమే చెయ్యి తీసెయ్యాలి. చపాతీ పిండిలా మర్దించారో, చేసిందంతా వృథా.

కారం విషయంలో నా చెయ్యి కాస్త పెద్దదే. ఈ కొలతకి ఒక చెంచా గుంటూరు కారం, అర చెంచా కచ్చాపచ్చాగా దంచిన మిరియాలు, అర చెంచా వాము. వాము లేకుండా చేస్తే చీజ్ నాలుక మీద బరువుగా కూర్చుంటుంది. పచ్చిమిర్చి ముద్ద, వెల్లుల్లి ముద్ద వద్దు. వాటి తడి మూడో రోజుకి బిస్కెట్టుని మెత్తబరుస్తుంది. కరివేపాకు వేసుకోవచ్చు, కానీ నీడన రెండ్రోజులు ఎండబెట్టి నలిపి వెయ్యండి.

ఇక ఆవపిండి. ఇంగ్లండు వాళ్ళు చీజ్ బిస్కెట్లలో చిటికెడు ఆవపొడి వేస్తారని తెలిసినప్పుడు నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. వేసవిలో ఆవకాయకి కొట్టించిన ఆవపిండి మా ఇంట్లో జాడీ నిండా ఉంటుంది. పావు చెంచా వేశాను. కాలేటప్పుడు ఘాటు పోతుంది, ఆవ రుచిగా తెలియను కూడా తెలియదు. కానీ చీజ్ రుచి ఒక మెట్టు పైకి లేస్తుంది. మెత్తటి ప్రాసెస్డ్ చీజ్‌కి మాగిన చీజ్ ఘాటు తెచ్చిపెట్టేది ఇదే. అర చెంచా వేస్తే చేదు, పావు దాటకండి.

కలిపిన ముద్దని గుండ్రంగా, పొడుగ్గా చుట్టి, బటర్ పేపర్లో బిగించి గంటసేపు ఫ్రిజ్‌లో పెడతాను. తర్వాత పదునైన కత్తితో అర సెంటీమీటరు మందాన బిళ్లలు కోసి, ఫోర్కుతో రెండేసి పోట్లు పొడిచి, రెండు వేళ్ల ఎడంతో పళ్లెంలో పేరుస్తాను. ఒక్కో వాయికి ఇరవై పడతాయి. ఈ కొలతకి రెండు వాయిలు. పేర్చిన పళ్లెం మళ్లీ పది నిమిషాలు ఫ్రిజ్‌లోకి. లోపల నిజంగా 175 ఉందని థర్మామీటర్ చెప్పాకే పెట్టాలి. రెండు రాడ్లూ వెలగాలి, పళ్లెం నడిమి అరలో ఉండాలి. 17 నుంచి 18 నిమిషాలు. తీసినప్పుడు మెత్తగా ఉంటాయి, చల్లారాకే బిగుస్తాయి. మెత్తగా ఉన్నాయని మళ్లీ లోపల పెట్టి మాడ్చినవి నా పుస్తకంలో మూడు వాయిలున్నాయి.

మా ఊళ్ళో గాలిలో తేమ సంగతి మీకు తెలియనిది కాదు. చుట్టూ కాలువలూ చెరువులూ వరిచేలూ. పూర్తిగా చల్లారకుండా డబ్బాలో వేస్తే ఆ ఆవిరికే మెత్తబడతాయి. గంటన్నర జల్లెడ మీద ఆరనిచ్చి, మూత బిగుతుగా ఉన్న స్టీలు డబ్బాలో పెడితే చలికాలంలో 12 రోజులు, వానల్లో 6 రోజులు గుల్లగా ఉన్నాయి. మెత్తబడినవి 150 మీద అయిదు నిమిషాలు పెడితే మళ్లీ మొదటి రోజులా అవుతాయి. 

ఖర్చు. పైన చెప్పిన కొలతకి కాలాక 310 గ్రాముల బిస్కెట్లు వస్తాయి. కిలోకి సరుకే 400 రూపాయల పైన అవుతోంది, అందులో ముప్పావు వంతు పైనే చీజూ వెన్నా. కరెంటు రెండు యూనిట్ల దగ్గర. థర్మోస్టాట్ మధ్యలో రాడ్లని ఆపుతూ ఉంటుంది కాబట్టి వాట్లని గంటలతో గుణిస్తే వచ్చేంత కాలదు. నా పనితో కలిపి కిలో 700కి ఇస్తున్నాను. చెక్కల ధర అలవాటైన వాళ్ళకి ఇది ఎక్కువనిపిస్తుంది, వాళ్ళని తప్పుపట్టను. పావుకిలో కొని చూడమంటాను.

నెలకోసారి కేకు కోసమే అయితే ఈ ఓటీజీ మీకు అక్కర్లేదు. ఇంట్లో వోల్టేజ్ 200 దాటని వాళ్ళు కూడా ముందు ఆ సంగతి చూసుకుని కొనండి. ఆ రెండూ కాకపోతే, కొన్న మొదటి వారమంతా బ్రెడ్డుకీ థర్మామీటరుకీ కేటాయించగలిగితే, ఈ పెట్టె మీకు అన్నం పెడుతుంది. సంక్రాంతికి నేను చీజ్ బిస్కెట్లు కూడా ఇచ్చాను. మావయ్య గారు ఇప్పుడు సాయంత్రం కాఫీకి రెండు అడిగి తీసుకుంటున్నారు, ముంచకుండానే తింటున్నారు.

ఇప్పుడు ఏప్రిల్. పొద్దున తొమ్మిదికే వంటింట్లో వెన్న చేతిలో జారిపోతోంది. లంకలకోడేరు మనవడు వేసవి సెలవులకి వస్తున్నాడట, ఈ ఆదివారానికి రెండు కిలోలు కావాలన్నారు. శనివారం రాత్రే కలిపి, చుట్టి ఫ్రిజ్‌లో పెడతాను. తెల్లవారి నాలుగున్నరకి లేచి ముందు స్టెబిలైజర్ మీద అంకె చూస్తాను.